బొమ్మల కొలువుకు ఎల్ఈడీలు: మిల్లీ క్యాండెలాను, కోణాన్ని కలిపి చదవడం ఎలా

మా ఇంటి కొలువుకు తొలిసారి నా చేత్తో దీపాలు అమర్చిన ఏడాది, ప్యాకెట్ మీద 20,000 మిల్లీ క్యాండెలాలు అన్న అంకె చూసి తెల్లటి 5 మిల్లీమీటర్ల ఎల్ఈడీలు పన్నెండు కొన్నాను. పక్క డబ్బాలో 2,000 రాసి ఉన్న రకం కూడా ఉంది. పది రెట్ల తేడా కనిపిస్తుంటే తక్కువది ఎందుకు కొంటాం? మెట్టు అంచున, బొమ్మలకు 15 సెంటీమీటర్ల దూరంలో వాటిని వరసగా బిగించి సాయంత్రం వెలిగించాను. కొండపల్లి అంబారీ ఏనుగు నుదుటి మీద నాలుగు సెంటీమీటర్ల వెడల్పున కళ్లు చెదిరే తెల్లని వలయం పడింది. ఆ వలయంలో రంగు కూడా వెలిసిపోయినట్టు కనిపించింది. అంబారీ, దానిలో కూర్చున్నవారు, మావటి అందరూ చీకట్లోనే ఉన్నారు. అమ్మ కాసేపు చూసి, "ఏనుగు నుదురు తప్ప ఏమీ కనిపించడం లేదురా" అంది.

ఆ ఎల్ఈడీలలో లోపమేమీ లేదు. అంకె కూడా నిజమే. ఆ అంకె పక్కనే చిన్న అక్షరాలలో ఉన్న 15 డిగ్రీలను నేను చదవలేదు. ఈ రెండింటినీ విడివిడిగా చదివితే ఏ ఎల్ఈడీ గురించీ సరైన సంగతి తెలియదు. కలిపి చదవడం ఎలాగో, ఇంట్లో ఉన్న వస్తువులతో కొలిచి సరిచూసుకోవడం ఎలాగో వరసగా చెబుతాను. ఉదాహరణలన్నీ కొలువు మెట్ల మీదివే అయినా, వినాయక మండపానికైనా, అల్మారాలోని నమూనా ఇంటికైనా లెక్క మారదు.

ముందుగా మూడు కొలతలు

క్యాండెలా అనేది ఒక దిశలో కాంతి ఎంత తీవ్రంగా వెళుతోందో చెప్పే కొలత. మామూలు కొవ్వొత్తి ఒక దిశలో ఇచ్చే వెలుగు సుమారు ఒక క్యాండెలా. అందులో వెయ్యో వంతు మిల్లీ క్యాండెలా. ఎల్ఈడీ ప్యాకెట్ మీద ఉండేది ఈ అంకే, అదీ సరిగ్గా ఎదురుగా, నడిమధ్యలో కొలిచింది.

ల్యూమెన్ అన్ని దిశలలోకీ వెళ్లే మొత్తం కాంతిని చెబుతుంది. లక్స్ ఒక వస్తువు మీద చివరికి ఎంత వెలుగు పడిందో చెబుతుంది. మన కంటికి బొమ్మ ఎలా కనిపిస్తుందన్నది తేల్చేది లక్సే. మిగిలిన రెండూ దాన్ని ముందుగా అంచనా కట్టడానికి పనికొస్తాయి.

నీళ్ల గొట్టం చివర వేలు అడ్డం పెడితే ధార సన్నబడి దూరంగా చిమ్ముతుంది. గొట్టంలో నీళ్లేమీ పెరగవు. ఎల్ఈడీ ముందు భాగంలోని గుండ్రటి ప్లాస్టిక్ కటకం చేసేదీ అదే. లోపలి చిప్ ఇచ్చే కాంతిని సన్నని ధారగా కూర్చితే మిల్లీ క్యాండెలాల అంకె ఎగబాకుతుంది, ల్యూమెన్ పెరగదు.

మొదటి అడుగు: కోణం దేన్ని చెబుతోందో చూసుకోండి

నడిమధ్యలో ఉన్న తీవ్రత సగానికి పడిపోయే చోటును రెండు పక్కలా గుర్తిస్తే, ఆ రెండు గీతల మధ్య ఉన్న మొత్తం కోణాన్ని వ్యాప్తి కోణం అంటారు. అక్కడితో వెలుగు ఆగిపోదు. ఆ గీత దాటాక కూడా తగ్గుతూ సాగుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని సంస్థల డేటాషీట్లలో (ఎల్ఈడీ వివరాలతో తయారీదారు ఇచ్చే పత్రాలలో) మొత్తం కోణానికి బదులు అందులో సగాన్ని, ముందు ± గుర్తు పెట్టి రాస్తారు. ±30 అని ఉంటే అది 60 డిగ్రీల ఎల్ఈడీ. ఈ గుర్తును గమనించకుండా రెండు సంస్థల ఎల్ఈడీలను పోలిస్తే లెక్క మూడు నాలుగు రెట్లు తప్పుతుంది.

కోణం రాసి లేని ఎల్ఈడీని చూపుతో కొంత గుర్తుపట్టవచ్చు. నీళ్లలా తేటగా, పొడవుగా, తల గుండ్రంగా ఉంటే సాధారణంగా సన్న ధార, 15 నుంచి 30 డిగ్రీల లోపు. తల పొట్టిగా, అంచు వెడల్పుగా, టోపీ ఆకారంలో ఉంటే 100 నుంచి 120 డిగ్రీల వరకు. దీన్ని దుకాణాలలో స్ట్రా హ్యాట్ అని అడిగితే ఇస్తారు. పాలలా మసకగా ఉన్న రకం ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడైనా ఉండవచ్చు. టేపు మీద అతికి వచ్చే చదును ఎల్ఈడీలు దాదాపు అన్నీ 120 డిగ్రీలే.

రెండో అడుగు: మొత్తం కాంతిని లెక్కకట్టండి

కోణంలో సగానికి కొసైన్ తీసి, దాన్ని ఒకటిలోంచి తీసివేసి, 6.28తో గుణిస్తే ఒక గుణకం వస్తుంది. క్యాండెలాలను దానితో గుణిస్తే ల్యూమెన్లు. ప్రతిసారీ ఈ లెక్క చేయకుండా నేను ఈ చిన్న పట్టికను పనిబల్ల మీద అతికించుకున్నాను.

| వ్యాప్తి కోణం | ల్యూమెన్ గుణకం | వలయం గుణకం |
|---|---|---|
| 15° | 0.054 | 0.26 |
| 20° | 0.095 | 0.35 |
| 30° | 0.21 | 0.54 |
| 45° | 0.48 | 0.83 |
| 60° | 0.84 | 1.15 |
| 90° | 1.84 | 2.00 |
| 120° | 3.14 | 3.46 |

నేను కొన్న ఎల్ఈడీ 20 క్యాండెలాలు, 15 డిగ్రీలు. 20 × 0.054 చేస్తే సుమారు 1.1 ల్యూమెన్. నేను వదిలేసిన రకం 2 క్యాండెలాలు, 120 డిగ్రీలు. 2 × 3.14 చేస్తే 6.3 ల్యూమెన్లు. పదో వంతు అంకె ఉన్నదే దాదాపు ఆరు రెట్లు ఎక్కువ కాంతిని ఇస్తోంది! ఒక కొవ్వొత్తి మొత్తం మీద ఇచ్చేది దాదాపు 12 ల్యూమెన్లు. అంటే ఎదురుగా చూస్తే ఇరవై కొవ్వొత్తులంత మెరిసే ఆ ఎల్ఈడీ, మొత్తం కాంతిలో ఒక్క కొవ్వొత్తిలో పదో వంతు కూడా ఇవ్వదు. ఈ లెక్క తొలిసారి కాగితం మీద పెట్టుకున్న రోజు నుంచి నేను మిల్లీ క్యాండెలాలను చూసి ఏదీ కొనలేదు.

ఈ గుణకం ఉజ్జాయింపు మాత్రమే. అసలు ధార ఆకారం ప్రతి ఎల్ఈడీకీ కొంత వేరుగా ఉంటుంది, సన్న ధార రకాలు పక్కలకు కూడా కొంత వెలుగు చిందిస్తాయి. అయినా రెండింటిని పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఇది చాలు.

అబద్ధపు అంకెలను పట్టుకోవడానికి కూడా ఇదే లెక్క పనికొస్తుంది. తెల్లటి 5 మిల్లీమీటర్ల ఎల్ఈడీ 20 మిల్లీ ఆంపియర్ల దగ్గర 3.2 వోల్టులు తీసుకుంటుందనుకుంటే, అది వాడేది 64 మిల్లీవాట్లు. వాటుకు 100 ల్యూమెన్లు ఇచ్చే మంచి రకమైనా 6.4 ల్యూమెన్లే ఇవ్వగలదు. ఎవరైనా 30,000 మిల్లీ క్యాండెలాలు, 60 డిగ్రీలు అని రాస్తే, 30 × 0.84 అంటే 25 ల్యూమెన్లు. వాటుకు దాదాపు 400 పడుతుంది. అంత కాంతి ఆ చిన్న ఎల్ఈడీలోంచి రాదు. అంకె అయినా తప్పు, కోణం అయినా తప్పు. పది ల్యూమెన్లు దాటిన ఏ 5 మిల్లీమీటర్ల ప్యాకెట్‌నైనా నేను పక్కన పెట్టేస్తాను.

మూడో అడుగు: వలయం ఎంత, వెలుగు ఎంత

పట్టికలో మూడో నిలువు వరుస దీని కోసమే. ఎల్ఈడీ నుంచి బొమ్మకు ఉన్న దూరాన్ని ఆ గుణకంతో గుణిస్తే, వెలుగు వలయం వెడల్పు వస్తుంది. 15 సెంటీమీటర్ల దూరంలో 15 డిగ్రీల ఎల్ఈడీ వలయం 3.9 సెంటీమీటర్లు. ఏనుగు నుదుటి మీద పడ్డది ఇదే. 60 డిగ్రీలదైతే 17 సెంటీమీటర్లు, 120 డిగ్రీలదైతే 52.

ఇక వెలుగు. క్యాండెలాలను దూరపు వర్గంతో భాగిస్తే లక్సులు వస్తాయి, దూరాన్ని మీటర్లలో తీసుకోవాలి. 0.15 మీటర్ల వర్గం 0.0225. 20 క్యాండెలాలకు 890 లక్సులు, 2 క్యాండెలాలకు 89 లక్సులు. సాయంత్రం హాలులో గోడ దీపం వెలుగు 100 లక్సుల చుట్టుపక్కల ఉంటుందనుకుంటే, బొమ్మ మీద దానికి రెండు మూడింతలు పడితే కొలువు చక్కగా ఎత్తి చూపినట్టు ఉంటుంది. 890 అయితే కంటికి మిగతాదంతా చీకటే. 89 ఇచ్చే వెడల్పాటి ఎల్ఈడీలు రెండు మూడు పక్కపక్కన ఉంటే వాటి వలయాలు ఒకదానిపై ఒకటి పడి, కావలసిన చోటికి చేరతాయి.

దూరం రెట్టింపైతే లక్సులు నాలుగో వంతుకు పడిపోతాయి. అందుకే మెట్టు అంచుకూ బొమ్మకూ మధ్య దూరాన్ని కొనడానికి ముందే టేపుతో కొలిచి రాసుకోండి. పది సెంటీమీటర్లా, ఇరవయ్యా అన్నది ఎల్ఈడీ ఎంపికను పూర్తిగా మార్చేస్తుంది.

మన కన్ను తేడాలను తగ్గించి చూస్తుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. వెలుగు సగానికి తగ్గినా కంటికి సగం తగ్గినట్టు అనిపించదు. దాదాపు ఐదో వంతుకు దిగితేనే సగమైనట్టు తోస్తుంది. 5,000, 6,000 మిల్లీ క్యాండెలాల మధ్య తేడా కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కరలేదు. కనీసం రెట్టింపు ఉంటే తప్ప కొలువులో ఎవరూ గమనించరు. కోణంలో తేడా మాత్రం గది గుమ్మంలోంచే కనిపిస్తుంది.

నాలుగో అడుగు: కరెంటు సమానం చేయండి

రెండు ఎల్ఈడీలను పోల్చాలంటే రెండింటిలోనూ ఒకే కరెంటు పారాలి. చాలా డేటాషీట్లలో అంకె 20 మిల్లీ ఆంపియర్ల దగ్గర కొలిచిందే. కొన్ని చిన్న రకాలకు 10 దగ్గరో, 2 దగ్గరో కొలుస్తారు. ఆ వరుస తప్పక చదవండి.

5 వోల్టుల ఫోను చార్జర్‌తో తెల్లటి ఎల్ఈడీని పరీక్షించాలంటే 100 ఓముల రెసిస్టర్ (కరెంటును అదుపులో ఉంచే చిన్న భాగం) వరసలో పెట్టండి. ఎల్ఈడీ 3.2 వోల్టులు తీసుకోగా మిగిలిన 1.8 వోల్టులు రెసిస్టర్ మీద పడతాయి, కరెంటు 18 మిల్లీ ఆంపియర్లు. మల్టీమీటర్‌ను రెసిస్టర్ రెండు కొసల మీద పెట్టి వోల్టులు చూస్తే చాలు, తీగ తెంచనక్కరలేదు. 1.8 కనిపిస్తే 18, 1.5 కనిపిస్తే 15. ఎరుపు ఎల్ఈడీ 2 వోల్టులే తీసుకుంటుంది కాబట్టి దానికి 150 ఓములు పెట్టాలి. తెలుపుకు పెట్టిన రెసిస్టర్‌నే ఎరుపుకూ పెట్టి "ఎరుపు ఎక్కువ వెలుగుతోంది" అనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

12 వోల్టుల అడాప్టర్ మీద మూడు తెల్ల ఎల్ఈడీలను ఒకే వరసలో కలిపి 120 ఓముల రెసిస్టర్ పెట్టవచ్చు. ప్రతి వరసకూ దాని రెసిస్టర్ దానికి ఉండాలి. అన్ని వరసలకూ కలిపి ఒకటే పెడితే, తక్కువ వోల్టులకే వెలిగే వరస మిగతా వాటి కరెంటును కూడా లాగేసుకుని ముందు మాడిపోతుంది. కొలువు తొమ్మిది రోజులూ సాయంత్రాలు వెలగాలి, పైగా వచ్చే ఏడాది మళ్లీ వాడాలి. అందుకే పరీక్ష 18 దగ్గర చేసినా, అమర్చేటప్పుడు నేను 10 దగ్గరే నడుపుతాను. వెలుగు దాదాపు సగమవుతుంది, కంటికి అంత తేడా తెలియదు, ఎల్ఈడీ చల్లగా ఉంటుంది.

అయిదో అడుగు: ఇంట్లోనే కొలవండి

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఆండ్రాయిడ్ ఫోను ముందు వైపు పైభాగంలో, మాటలు వినిపించే రంధ్రం పక్కన, ఒక కాంతి సెన్సర్ ఉంటుంది. లక్స్ మీటర్ యాప్ ఒకటి వేసుకుని, వేలితో ఆ చోటంతా మూసి చూడండి. ఎక్కడ మూస్తే అంకె సున్నాకు దగ్గరగా పడిపోతుందో అదే సెన్సర్. ఆ అంకె ప్రయోగశాల అంకెలా కచ్చితంగా ఉండదు. కానీ ఒకే ఫోనుతో కొలిచిన రెండు అంకెల నిష్పత్తి మన పనికి చాలు. ఫోను కెమెరాతో ఫొటో తీసి పోల్చకండి. కెమెరా ప్రతి ఫొటోకూ వెలుగును తనే సర్దుకుంటుంది.

చీకటి గదిలో, బల్ల మీద నల్లటి వస్త్రం పరిచి, ఒక కొసన బ్రెడ్‌బోర్డ్ (టంకం వేయకుండా కాళ్లు గుచ్చే చిల్లుల పలక) మీద ఎల్ఈడీని, ఎదురుగా ఫోనును నిలబెట్టండి. మధ్య దూరం 31.6 సెంటీమీటర్లు పెట్టండి. ఈ వింత అంకెకు కారణం ఉంది. 0.316 వర్గం చేస్తే 0.1 వస్తుంది, కాబట్టి ఫోనులో కనిపించిన లక్సులను పదితో భాగిస్తే నేరుగా క్యాండెలాలు. 200 లక్సులు చూపితే 20 క్యాండెలాలు. ఎల్ఈడీల కొలతకు అంతర్జాతీయంగా నిర్ణయించిన రెండు దూరాలలో ఒకటి కూడా ఈ 316 మిల్లీమీటర్లే, రెండోది 100.

సన్న ధార ఎల్ఈడీతో ఓపిక కావాలి. దాని కాలు ఇసుమంత వంగి ఉన్నా ధార పక్కకు పోతుంది. కాళ్లను అటూ ఇటూ మెల్లగా సర్దుతూ, అంకె గరిష్ఠానికి చేరిన చోట ఆపండి. నేను మొదట కొలిచినప్పుడు ఒకే ప్యాకెట్‌లోని రెండు ఎల్ఈడీలు 90, 210 చూపాయి. మొదటిది నాసిరకమని పక్కన పెట్టబోయాను. కాలు సర్దాక అదీ 200 దాటింది.

కోణాన్ని కొలవడానికి పిల్లల పెట్టెలోని కోణమానిని చాలు. దాన్ని బల్ల మీద అతికించి, దాని కేంద్రం మీద ఎల్ఈడీ తల వచ్చేలా పెట్టి, ఎల్ఈడీని తిప్పండి. ఫోను కదలకూడదు. గరిష్ఠం 200 అయితే, 100కు పడిపోయిన చోట డిగ్రీలు రాసుకోండి, రెండో పక్కకూ తిప్పి అలాగే రాసుకోండి. రెండూ కలిపితే వ్యాప్తి కోణం. ఎల్ఈడీని కదపకుండా ఫోనునే గోడ వెంట పక్కకు జరిపితే తప్పు లెక్క వస్తుంది. జరిగిన కొద్దీ దూరమూ పెరుగుతుంది, వెలుగు సెన్సర్ మీద ఏటవాలుగా కూడా పడుతుంది. 60 డిగ్రీల పక్కకు వెళ్లేసరికి ఈ రెంటి వల్లే అంకె ఎనిమిదో వంతుకు పడిపోతుంది, అందులో ఎల్ఈడీ ప్రమేయమేమీ ఉండదు.

ఫోనులో సెన్సర్ లేకపోతే నీడలతో పోల్చవచ్చు. రమ్‌ఫర్డ్ పేరుతో పిలిచే పాత పద్ధతి ఇది. తెల్ల కాగితం ముందు ఒక పెన్సిల్ నిలబెట్టి, రెండు ఎల్ఈడీలను కొంచెం ఎడంగా పెట్టి దాని మీద వెలుగు వేయండి. రెండు నీడలు పడతాయి. రెండు నీడలూ సమానంగా కనిపించేదాకా ఒక ఎల్ఈడీని వెనక్కి జరపండి. ఒకటి 60 సెంటీమీటర్ల దగ్గర, మరొకటి 30 దగ్గర ఉంటే, మొదటిది రెండోదానికి నాలుగు రెట్లు తీవ్రం. రెండింటి రంగూ ఒకటే అయితేనే ఇది నమ్మదగ్గది.

పరీక్షిస్తున్నప్పుడు సన్న ధార ఎల్ఈడీలోకి నేరుగా చూడకండి. పిల్లలు పక్కన ఉంటే మరీ జాగ్రత్త.

రంగు సంగతి

తెల్ల ఎల్ఈడీ లోపల ఉన్నది నీలం చిప్పే. దాని మీది పసుపు పూత కొంత నీలాన్ని పసుపుగా మార్చి, రెండూ కలిసి తెలుపుగా కనిపిస్తాయి. ఆ నీలం ఎల్ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. పూత మందం అన్ని దిశలలో ఒకలా ఉండదు కాబట్టి చౌక రకాలలో వలయం నడుమ నీలిఛాయ, అంచున పసుపు గీత కనిపిస్తాయి. తెల్ల కాగితం మీద వేసి చూస్తే అక్కడికక్కడే తెలుస్తుంది.

బొమ్మలకు చల్లని తెలుపు వద్దని నా గట్టి అభిప్రాయం. అంకెలలో అదే పైచేయిగా కనిపిస్తుంది, 6,000 కెల్విన్ల (తెలుపు ఛాయను చెప్పే కొలత, అంకె పెరిగితే నీలిఛాయ, తగ్గితే పసుపు ఛాయ) రకానికి మిల్లీ క్యాండెలాలు సాధారణంగా ఎక్కువే. కానీ కొండపల్లి ఎరుపు, ఏటికొప్పాక లక్క పసుపు ఆ వెలుగులో పాలిపోతాయి. 2,700 నుంచి 3,000 కెల్విన్ల వెచ్చని తెలుపు తీసుకోండి, రంగుల కచ్చితత్వం సూచిక 90 దాటినది దొరికితే ఇంకా మంచిది. అంకె కొంత తగ్గినా అమ్మవారి ముఖం మీద పసుపు పసుపులానే కనిపిస్తుంది.

కొలువు మీద ఏది ఎక్కడ

మెట్ల అంచులకు వెడల్పు రకం. చిన్న అట్టముక్క అడ్డుగా పెట్టి, దాని వెనుక స్ట్రా హ్యాట్‌లను 8 నుంచి 10 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున బొమ్మల వైపు తిప్పండి. చదును టేపు వాడితే పని ఇంకా తేలిక. 12 వోల్టుల టేపును గుర్తు ఉన్న చోట, మూడు ఎల్ఈడీలకు ఒకసారి చొప్పున కత్తిరించుకోవచ్చు. టేపు మీది 3528, 5050 అన్న అంకెలు ఎల్ఈడీ కొలతలు (3.5 × 2.8, 5.0 × 5.0 మిల్లీమీటర్లు), వెలుగు కొలతలు కావు.

కింది నుంచి మాత్రమే వెలుగు పడితే ముఖాల మీద నీడలు ఎదురు తిరుగుతాయి, దేవతా మూర్తులకు అది బాగుండదు. నా సన్న ధార ఎల్ఈడీలకు పని దొరికింది ఇక్కడే. పై మెట్టు మీది అమ్మవారి మూర్తికి 60 సెంటీమీటర్ల దూరంలో, తోరణం కర్రకు మూడింటిని బిగించాను. ఆ దూరంలో వలయం 16 సెంటీమీటర్లు, ఒక్కొక్కటీ 55 లక్సులు, మూడూ ఒకే చోట కలిస్తే 165. ముఖం, భుజాలు, చేతిలోని ఆయుధాలు ఒక్క వలయంలో ఇమిడాయి.

దగ్గర వాడకానికి సన్న ధారవే మిగిలిపోతే, కటకం మీద 400 నంబరు గరుకు కాగితంతో నెమ్మదిగా రుద్దండి. పాల రంగు వచ్చేసరికి ధార విచ్చుకుంటుంది. మిల్లీ క్యాండెలాలు బాగా పడిపోతాయి, ల్యూమెన్లు కొద్దిగానే తగ్గుతాయి. ముందు ఒకదాన్ని రుద్ది, కోణమానిని మీద మళ్లీ కొలిచి చూసి, నచ్చితే మిగిలినవి రుద్దండి.

అన్నీ బిగించాక, పేరంటానికి వచ్చేవారు కూర్చునే చోట చాప వేసి మీరూ కూర్చోండి. నిలబడి చూసినప్పుడు అట్టముక్క వెనుక దాగిన ఎల్ఈడీ, కూర్చున్నప్పుడు కంట్లో గుచ్చుకోవచ్చు. అలా కనిపించిన ప్రతిదాన్నీ గుర్తు పెట్టుకుని, అక్కడ అట్టను ఒక సెంటీమీటర్ పెంచండి.